కాళ్ళు లేని నలికిరి గురించి అడిగారు కదా

పోయిన నెల ఇదే పేజీలో ఓ మూల చిన్న బాక్సులో రాశా, గుర్తుందా, ఆఫ్రికాలో అంగోలా దేశంలో సెర్రా ద నేవే అనే కొండ మీద కాళ్ళే లేని కొత్తరకం నలికిరి దొరికిందని, 2023లో దానికి అకాంటియాస్ ముక్వాండో అని పేరు పెట్టారని. మొత్తం ఐదు లైన్లు. దానికి వచ్చినన్ని ఉత్తరాలు, వాట్సాప్ మెసేజీలు నేను కష్టపడి రాసిన రెండు పేజీల నిమ్మతోటల వ్యాసానికి కూడా రాలా. సగం మంది ఫొటో చూసి అది పామే, మీకు కళ్ళజోడు మార్చాల అని తిట్టారు, మిగతా సగం మంది మంచి మంచి ప్రశ్నలు అడిగారు. అందుకే ఈ నెల పేజీ మొత్తం దానికే ఇస్తున్నా, ఎరువుల గురించి, పట్టాల గురించి అడిగినోళ్ళు ఒక్క నెల ఓపిక పట్టండి.

ప్రశ్న: సార్, అసలు నలికిరి అంటే ఏంది? మా ఇంట్లో ఎవరికీ ఆ మాట తెలీదంట. (కావలి నుంచి ఓ డిగ్రీ అమ్మాయి)

నీకు తెలుసమ్మా, పేరు తెలీదంతే. దొడ్లో కట్టెలమోపు ఎత్తినప్పుడు కింద నుంచి సర్రుమని పోతది చూడు, వొళ్ళంతా నూనె రాసినట్టు మెరుస్తా, తల ఎక్కడ అయిపోయిందో మెడ ఎక్కడ మొదలయిందో తెలీకుండా, కాళ్ళు మాత్రం చిన్న చిన్నవి ఉంటాయి, అదే. మీ జేజిని అడుగు, నలికండ్లపాము అంటది, కొన్ని ఊళ్ళల్లో నల్లికండ్లపాము అంటారు, నిఘంటువులో చూస్తే నలికిరి అని ఉంటది, ఇంగ్లీషు వాళ్ళు స్కింక్ అంటారు. పేరులో పాము ఉండాది గానీ అది బల్లి జాతిదే. ప్రపంచం మొత్తం మీద 1700 రకాలకి పైనే ఉన్నాయి, బల్లుల్లో ఇంత పెద్ద కుటుంబం ఇంకోటి లేదు. పట్టుకుంటే వొళ్ళు గట్టిగా తగులుతది, ఎందుకంటే పొలుసుల కింద సన్నటి ఎముక పలకలు ఉంటాయి, పెంకుటింటి మీద పెంకుల మాదిరి ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి, అందుకే పట్టుకుంటే జారిపోతది.

ప్రశ్న: అయ్యా, కాళ్ళు లేకుండా నేల మీద పాకేదాన్ని పాము అనకపోతే ఇంకేమనాల? క్లాసులో పిల్లకాయలు అడిగితే నేను ఏం చెప్పేది? (ఉదయగిరి నుంచి ఓ మాస్టారు)

మాస్టారూ, మీ తప్పేం లేదు, నేను డిగ్రీలో జువాలజీ చదివేటప్పుడు ల్యాబ్‌లో సీసాలో ఉన్నదాన్ని చూసి పాము అని రాసి సున్నా తెచ్చుకున్నోణ్ణే. కాళ్ళు పోవటం అనేది ఒక్కసారి జరిగిన సంగతి కాదు. బల్లుల్లో వేరే వేరే కుటుంబాల్లో విడివిడిగా చాలాసార్లు జరిగింది, ఒక్క నలికిరుల్లోనే ఎన్నోసార్లు. ఇప్పటికీ చూడొచ్చు, కొన్నిటికి నిండుగా ఐదు వేళ్ళ కాళ్ళుంటాయి, కొన్నిటికి మూడు వేళ్ళే, కొన్నిటికి అగ్గిపుల్ల విరిచి గుచ్చినంత మొండి మాత్రం మిగిలింది, కొన్నిటికి అదీ లేదు. పాములూ బల్లుల నుంచే వచ్చాయి గానీ వాటి దారి వేరు. ఇద్దరు గుండు చేయించుకున్నంత మాత్రాన ఒకే ఇంటోళ్ళు కారు కదా.

ఇంగ తేడా ఎట్టా పట్టాలంటే, పాము రెప్ప వెయ్యదు, దాని కంటి మీద అద్దం లాంటి పొర ఉంటది అంతే. కాళ్ళు లేని నలికిరుల్లో చాలావాటికి రెప్ప ఉంటది, మీరు చూస్తుంటే అది కన్ను మూసి తెరుస్తది. పాము నాలిక సన్నగా రెండుగా చీలి ఉంటది, నలికిరిది వెడల్పు నాలిక, కొసన కొంచెం గాటు. పాము కింది దవడ రెండు ముక్కలు ముందు అతుక్కోవు, అందుకే తలకంటే లావు కప్పని కూడా మింగేస్తది, నలికిరి దవడ అతుక్కునే ఉంటది, పురుగో వానపామో నోట్లో పట్టినంతే తినగలదు. వెల్లకిలా తిప్పితే పాము పొట్ట కింద అడ్డంగా వెడల్పు పట్టీలు కనిపిస్తాయి, నలికిరికి పైనా కిందా ఒకే రకం చిన్న పొలుసులు. అయితే ఇక్కడొక తిరకాసు ఉంది, పూలకుండీ కింద దొరికే గుడ్డిపాము ఉంటది చూడండి, వానపాము మాదిరి, దానికి కూడా పొట్ట కింద చిన్న పొలుసులే, కాబట్టి ఒక్క గుర్తు చూసి తీర్పు చెప్పొద్దు. లోపల కోసి చూస్తే ఇంకా ఖాయంగా తెలుస్తది, కాళ్ళు లేని బల్లుల్లో చాలావాటికి భుజం ఎముక తునకలు ఎంతో కొంత మిగిలి ఉంటాయి, పాముకి భుజం ఎముక అనేదే లేదు.

మరి కాళ్ళు ఎందుకు పోయాయి అంటే, మట్టిలో, ఇసకలో, ఎండుటాకుల కింద దూరి బతికేదానికి కాళ్ళు అడ్డం. సహారా ఎడారిలో ఇసకచేప అని పిలిచే నలికిరి ఒకటి ఉంది, దానికి కాళ్ళున్నాయి, కానీ ఇసకలోకి దూకంగానే వాటిని పక్కలకి ముడిచేసుకుని వొళ్ళు అలల మాదిరి ఊపుతా ఈదుతది, 2009లో అమెరికాలో ఎక్స్‌రే కెమెరా పెట్టి ఈ సంగతి చూశారు. కాళ్ళున్నా వాడకపోవటం అన్నమాట. మన అంగోలా నలికిరి ఇంటిపేరు అకాంటియాస్, ఆ ఇంటోళ్ళు ఇంకొంచెం ముందుకు పోయి కాళ్ళని మొత్తానికే వదిలేశారు. అకాంటియాస్ అంటే గ్రీకులో ఈటె అనే మాట నుంచి వచ్చింది, ఆ జాతిలో పెద్దది దక్షిణాఫ్రికా వైపు ఉంటది, అర మీటరు దాకా పెరుగుతది, చూస్తే మీరూ నేనూ ఇద్దరం కర్ర కోసం వెతుకుతాం.

పిల్లకాయలకి ఇంకో మాట కూడా చెప్పండి. కాళ్ళు లేని నలికిరి చూడటానికి అంగోలా దాకా పోనక్కర్లా, మన తూర్పు తీరంలోనే ఉన్నాయి. ఒడిశా చిలికా సరస్సులో బర్కుడా అనే చిన్న దీవి ఉంది, 1917లో అక్కడ దొరికినదానికి ఆ దీవి పేరు మీదే బార్కుడియా అని పెట్టారు, దాని చుట్టం ఒకటి విశాఖపట్నం వైపు ఉంటది. 1870లో బెడ్డోమ్ అనే ఇంగ్లీషు దొర తూర్పు కనుమల నుంచి సెప్సోఫిస్ అని ఇంకోదాన్ని రాశాడు, ఆ తర్వాత వందేళ్ళకి పైగా అది ఎవరికీ కనపడలా, ఈ మధ్యే మళ్ళీ దొరికింది.

ప్రశ్న: అది అక్కడే పుట్టి అక్కడే పెరుగుతుండాది, ఆ ఊరోళ్ళకి ఎప్పుడో తెలిసే ఉంటది. మరి 2023లో వీళ్ళు కొత్తగా కనిపెట్టేది ఏంది నా బొంద? (కందుకూరు నుంచి ఓ ఎరువుల కొట్టు యజమాని)

అన్నా, నాకు వచ్చిన అన్నిట్లోకీ మంచి ప్రశ్న ఇది, నా బొందతో సహా అచ్చేశా.

కందుకూరులో కొట్టు పెట్టినోళ్ళు కాబట్టి మీకు తెలిసిన భాషలోనే చెప్తా. పొలం తాతల కాలం నుంచి ఉండాది, దున్నుతున్నారు, పండిస్తున్నారు, చుట్టుపక్కల అందరికీ అది ఎవరిదో తెలుసు, కానీ అడంగల్‌లో ఎక్కలా. సర్వేయర్ వచ్చి గొలుసు పట్టి కొలిచి, రాయి పాతి, నంబరు ఇచ్చిన రోజున కాగితం మీదకి వస్తది. అంతవరకూ పొలం లేదని కాదు, లోన్‌కి పోతే బ్యాంకోడు మాత్రం లేదంటాడు. సైన్సులో కొత్త రకం అంటే అంతే, కొత్తగా పుట్టింది కాదు, కొత్తగా నంబరు పడింది. అడవి కొట్టొద్దని కోర్టుకి పోవాలన్నా, ఫలానాది అంతరించిపోతుండాది అని లిస్టులో పెట్టాలన్నా ముందు దానికో పేరుండాల.

ఆ సర్వే ఎట్టా చేస్తారంటే, ముందు జంతువు దొరకాల, మట్టిలో ఉండేది కాబట్టి రాళ్ళు తిప్పుతా, పుచ్చిన దుంగలు పగలగొడతా, గుంతలు తవ్వి బక్కెట్లు పాతి తిరగాల. దొరికినాక నడుం చుట్టూ పొలుసులు ఎన్ని వరసలు, పై పెదవి మీద ఎన్ని, కన్ను చుట్టూ ఎన్ని, తోక ఎంత, మొత్తం ఎంత, అన్నీ భూతద్దం కింద లెక్కపెడతారు, ఇప్పుడు సీటీ స్కాన్ తీసి పుర్రె కూడా చూస్తున్నారు. కండ ముక్క కొంచెం తీసి డీఎన్ఏ చదివి దాని చుట్టాల డీఎన్ఏ పక్కన పెట్టి ఎంత దూరం జరిగిందో చూస్తారు. అప్పటిదాకా పేరున్న దగ్గరి రకాలన్నిటితో పోల్చి, ఇది వాటిలో ఏదీ కాదు అని నమ్మకం కుదిరితే అప్పుడు వ్యాసం రాస్తారు. పేర్ల రూల్సు కూడా గట్టివే, లెక్క 1758 నుంచి మొదలు, ముందు ఎవరు అచ్చేస్తే వాళ్ళ పేరే నిలుస్తది, తర్వాత వచ్చినోడు ఎంత గొప్పోడైనా సరే.

సర్వే రాయి అన్నానే, అది ఇక్కడ కూడా ఉంటది. వ్యాసంలో ఫలానా మ్యూజియంలో ఫలానా నంబరు సీసాలో ఉన్న ఈ ఒక్క నమూనాకి ఈ పేరు అని రాస్తారు, రేపు ఎవరికి అనుమానం వచ్చినా పోయి ఆ సీసా తీసి చూసుకోవాల. జంతువుని చంపి సారాలో వెయ్యటం ఏంది అని నాకూ బాధే, కానీ దీనికి ఇంకో దారి పూర్తిగా దొరకలా ఇంకా.

అంగోలా సంగతికి వస్తే అక్కడ ఆ రాళ్ళే కాలిపోయాయి. ఆ దేశం 1975 దాకా పోర్చుగల్ కింద ఉండేది. బొకాజ్ అని లిస్బన్‌లో ఓ పెద్దాయన, అంగోలా నుంచి అంచియేటా అనే ఆయన పంపించిన పాములూ బల్లులూ అన్నీ కూర్చోబెట్టి 1895లో లావుపాటి పుస్తకం వేశాడు. అంచియేటా అయితే అక్కడే ఉండిపోయి అక్కడే పోయాడు, 1897లో. వాళ్ళు పోగేసిన సీసాల్లో ఎక్కువ లిస్బన్ మ్యూజియంలో ఉండేవి, 1978లో మంటలు లేచి ఆ మ్యూజియం తగలబడిపోయింది. వందేళ్ళ సర్వే రాళ్ళు ఒక్క రోజులో బూడిద. ఇంగ దేశంలో చూస్తే 1975లో స్వాతంత్ర్యం వచ్చీ రాకముందే అంతర్యుద్ధం మొదలయింది, 2002 దాకా సాగింది, అడవుల నిండా మందుపాతర్లు పెట్టారు, అవి తియ్యటం ఇప్పటికీ అయిపోలా. పాతికేళ్ళకి పైగా ఏ శాస్త్రవేత్త అక్కడ రాయి తిప్పి చూస్తాడు చెప్పండి, కింద బల్లి ఉంటదో బాంబు ఉంటదో. అందుకే యుద్ధం ఆగినాక అక్కడికి పోయినోళ్ళకి వరసబెట్టి కొత్తవి దొరుకుతున్నాయి, 2019లో కూడా అంగోలా, కాంగో దేశాల నుంచి ఓ పొడుగుతోక నలికిరికి కొత్త పేరు పడింది. ఆ బల్లులు ఎక్కడికీ పోలా, మనుషులే పోలేకపోయారు.

ఊరోళ్ళకి తెలిసే ఉంటది అన్నారే, అది మాత్రం నూటికి నూరుపాళ్ళు ఒప్పుకుంటా. పసుపూ నలుపూ పట్టీలుండే కట్లపాముని మనోళ్ళు బంగారు పాము అనేవాళ్ళు, విశాఖపట్నంలో ఉన్న రస్సెల్ దొర ఆ మాటనే తన పుస్తకంలో రాసుకున్నాడు, దాన్నిబట్టే 1803లో కట్లపాముల జాతి మొత్తానికి బంగారస్ అని పేరు పెట్టారు, ఇప్పుడు చైనాలో ఉన్న కట్లపాముని కూడా అక్కడి శాస్త్రవేత్తలు మన తెలుగు మాటతోనే రాస్తున్నారు. సర్వే రాయి దొరదే, పేరు మాత్రం మనోళ్ళదే నిలిచింది.

ప్రశ్న: కొండ మీదే ఎందుకుంది సార్ అది, కింద మైదానంలో ఎందుకు లేదు? (కనిగిరి నుంచి)

మీరు కనిగిరిలో ఉండి అడుగుతున్నారు కాబట్టి బయటికొచ్చి కొండ వైపు ఒకసారి చూడండి. చుట్టూ చదును నేల, మధ్యలో ఒక్కసారిగా రాతి కొండ లేచి ఉంటది, ఎక్కడో పెద్ద కొండలవరసకి తోకలాగా కాకుండా ఒంటరిగా. సెర్రా ద నేవే అట్టాంటిదే, కాకపోతే చాలా పెద్దది, 2400 మీటర్ల పైన ఎత్తు, అంగోలా మొత్తంలో రెండోది. మన ఉదయగిరి దుర్గం కొండ మూడువేల అడుగుల పైచిలుకు కదా, దానికి రెండింతలకి మించి లెక్కేసుకోండి. పేరుకి మంచు కొండ అని అర్థం, పోర్చుగీసు వాళ్ళు పెట్టింది. కింద అంతా ఎండిపోయిన నేల, ఇంకొంచెం పడమటికి పోతే నమీబ్ ఎడారే. కొండ మీద మాత్రం చల్లదనం, తేమ.

ఒకప్పుడు వానలు బాగా పడ్డ కాలంలో కింద కూడా తేమ ఉండి అక్కడా ఇక్కడా తిరిగిన జీవాలు, కాలం మారి మైదానం ఎండేసరికి కొండల మీదకి సర్దుకుని అక్కడే ఇరుక్కుపోతాయి, చెరువు ఎండేటప్పుడు చేపలన్నీ మధ్య గుంతలోకి చేరినట్టు. కాళ్ళు లేని నలికిరి అయితే కింద ఎండునేల మీద పాకి ఇంకో కొండకి పోలేదు కదా. అట్టా వేల తరాలు విడిగా ఉండిపోతే వేరే రకం అవుతది. సముద్రం లేని దీవి అనుకోండి. అకాంటియాస్ జాతిలో ఎక్కువ రకాలు ఎక్కడో దక్షిణాఫ్రికాలో ఉన్నాయి, ఇది మాత్రం అంత ఉత్తరాన ఈ ఒక్క కొండ పట్టుకుని ఉంది.

ప్రశ్న: మా అత్త నలికండ్లపాము నాకితే మనిషి నీళ్ళు కూడా అడగడు అంటది. మొన్న మా పాప దాన్ని చేత్తో ముట్టుకునింది, రాత్రంతా నిద్ర లేదు నాకు. నిజమేనా? (ముత్తుకూరు నుంచి ఓ తల్లి)

ముందు పాపకేం కాదమ్మా, హాయిగా నిద్రపో. ప్రపంచంలో ఇప్పటిదాకా తెలిసిన నలికిరుల్లో ఒక్కదానికి కూడా విషం లేదు. కోరల్లేవు, విషపు తిత్తి లేదు, నాకితే ఏం కాదు, కొరికినా మహా అయితే చిన్న గీత పడతది, సబ్బుతో కడుక్కుంటే చాలు. తమిళోళ్ళు, మలయాళం వాళ్ళు కూడా ఇదే నమ్ముతారు, వాళ్ళు దాన్ని అరణ అంటారు, అరణ కరిస్తే అక్కడికక్కడే చావని. అంటే ఈ భయం దక్షిణాదంతా ఉండాది, మీ అత్తని ఏమనొద్దు.

మా ఆత్మకూరులో మా జేజి కూడా అంతే, నలికండ్లపాము కనిపిస్తే చాలు చీపురు తిరగేసి కొట్టేది. ఒకసారి దెబ్బ తగలంగానే తోక తెగి ఎగిరెగిరి పడతావుంటే మా జేజి ఆ తోకనే కొడతా కూర్చుంది, అసలుది గోడ కిందకి పోయి దాక్కుంది. అదే దాని తెలివి. తోక ఎముకల్లోనే తెగేదానికి ముందే గాట్లు ఉంటాయి, ప్రమాదం వస్తే అక్కడ వదిలేస్తది, అది గిలగిల్లాడతావుంటే కాకో పిల్లో దాన్ని చూస్తా ఉండిపోతది. మళ్ళీ తోక మొలుస్తది గానీ ఈసారి లోపల ఎముక ముక్కలుండవు, మెత్తటి ఎముక కడ్డీ ఒకటే. తోకలో కొవ్వు దాచుకుంటది కాబట్టి అది పోవటం దానికి పెద్ద నష్టమే, మన పొదుపు డబ్బు దొంగ మీదకి విసిరి పారిపోయినట్టు. ఇంట్లో ఉంటే అది తినేది చెదపురుగులు, బొద్దింకలు, చీమలు, సాలీళ్ళు.

కానీ ఒక మాట గట్టిగా చెప్తున్నా, ఇది చదివి మెరిసేదాన్నల్లా పాప చేత్తో పట్టుకోనివ్వొద్దు. కట్లపాము పిల్ల కూడా మెరుస్తది, మన వైపు రక్తపింజర, నాగుపాము, కట్లపాము, చిన్నపింజర నాలుగూ ఉన్నాయి. కాళ్ళు స్పష్టంగా కనపడకపోతే దూరంగా ఉండండి. ఒకవేళ నిజంగా పామే కరిస్తే కట్టు కట్టటం, కొయ్యటం, మంత్రం వేయించటం, పసరు మింగించటం ఏం చెయ్యొద్దు, కరిచిన కాలో చెయ్యో కదలకుండా పెట్టి వెంటనే 108కి ఫోన్ చేసి సర్కారు ఆస్పత్రికి తీసుకుపొండి, విరుగుడు ఇంజెక్షన్ అక్కడ ఉంటది.

ప్రశ్న: ఆఫ్రికా నలికిరికీ మన నలికిరికీ చుట్టరికం ఏమన్నా ఉందా అన్నా? (దర్శి నుంచి)

ఉంది, మంచి చుట్టరికమే. మన దొడ్లో ఎక్కువ కనపడేది, రాగి రంగు వీపు, పక్కన పసుపు గీత, దాన్ని 1801లో జర్మనీ ఆయన ష్నైడర్ రాశాడు. చాలాకాలం దీన్నీ, ఆఫ్రికాలో దీని మాదిరి కాళ్ళున్నవాటినీ, దక్షిణ అమెరికా వాటినీ అన్నిటినీ కలిపి మబూయా అని ఒకే ఇంటిపేరు కింద రాసేవాళ్ళు. 2002లో డీఎన్ఏ చూసి పంపకాలు చేశారు, మనవి యూట్రోపిస్, దక్షిణ అమెరికా వాటికి మబూయా, పడమటి ఆఫ్రికా తీరం దగ్గర కేప్ వర్డ్ దీవుల వాటికి ఇంకోటి, ఆఫ్రికా వాటికి ఒక పేరు పెట్టి మళ్ళీ 2003లో అది కాదు ట్రాకీలెపిస్ అనాలన్నారు. అన్నదమ్ముల పంపకాల్లో కూడా కాగితాలు ఒకసారికి తేలవు కదా.

వీటిల్లో ఒకటి చేసిన ప్రయాణం వింటే నమ్మరు. బ్రెజిల్ ఒడ్డు నుంచి మూడు వందల కిలోమీటర్లకి పైగా సముద్రంలో ఫెర్నాండో ద నొరోన్యా అనే దీవి ఉంది, అక్కడుండే నలికిరి బ్రెజిల్ వాటికి చుట్టం కాదు, ఆఫ్రికా వాటికి. అంటే ఎప్పుడో వరదకి కొట్టుకొచ్చిన చెట్టో తుక్కుదిబ్బో పట్టుకుని అట్లాంటిక్ దాటింది. వెస్పూచీ పేరు మీద ఉన్న 1503 నాటి ప్రయాణం ఉత్తరంలో ఓ దీవిలో రెండు తోకల బల్లులు ఉన్నాయని ఉంది, అవి ఇవే అంటారు. రెండు తోకలు ఎక్కడివంటే ఇందాక చెప్పా కదా, తోక పూర్తిగా తెగకుండా చిట్లితే ఒక్కోసారి పాతది ఉండంగానే పక్కన కొత్తది మొలుస్తది. ఈ నలికిరికి ఇంకో అలవాటు, ములుంగు అనే చెట్టెక్కి పూలల్లో తేనె నాకుతది, నాకతా పూల పుప్పొడి కూడా మోస్తది.

ప్రశ్న: ఇవి గుడ్లు పెడతాయా, పిల్లల్ని కంటాయా? (ఒంగోలు నుంచి ఇంటర్ అబ్బాయి, బైపీసీ అంట)

రెండూ. మన దొడ్లోవి గుడ్లు పెడతాయి, అకాంటియాస్ వాళ్ళు పిల్లల్ని కంటారు. నీ సిలబస్‌లో మాయ, అదే ప్లాసెంటా, క్షీరదాల సొత్తు అన్నట్టు రాసి ఉంటది, అది పరీక్షలో అట్టానే రాయి, మార్కులు పోగొట్టుకోవద్దు. కానీ ఇంటికొచ్చి ఇది చదువు. అంగోలా, జాంబియా వైపు నీళ్ళ పక్కన ఉండే ట్రాకీలెపిస్ ఇవెన్సీ అనే నలికిరి ఉంది, ఇందాకటి బొకాజ్ 1879లో పేరు పెట్టాడు దానికి, ఇవెన్స్ అనే యాత్రికుడి పేరు మీద. దాని గుడ్డు చాలా చిన్నది, పచ్చసొన దాదాపు ఉండదు, మరి పిల్ల ఎట్టా పెరుగుతది అంటే తల్లి గర్భసంచి గోడలోకి పిల్ల వైపు కణాలు దూరిపోయి తల్లి దగ్గర్నుంచే తిండి తీసుకుంటాయి. క్షీరదాల్లో జరిగినట్టే. 2012లో ఈ సంగతి అచ్చయింది, అంతకుముందు బల్లుల్లో ఇంతలోతు అతుకు ఎవరూ చూడలా.

ప్రశ్న: మన జిల్లాల్లో కూడా కొత్త రకాలు దొరికే అవకాశం ఉందా సార్? నేను రిటైర్ అయ్యా, వెలిగొండల వైపు తిరగాలని ఉండాది. (పొదిలి నుంచి)

ఎందుకు లేదు సార్. 1969లో నాగార్జునకొండ లోయలో దొరికిన నలికిరికి నాగార్జున అనే మాటతోనే పేరు పెట్టారు, అంటే మన ప్రకాశం జిల్లా పుట్టకముందు ఏడాదే, మీ పొదిలికి పెద్ద దూరం కూడా కాదు. 2021లో కోయంబత్తూరు దగ్గర ఓ కొత్త నలికిరికి పేరు పడింది, ఏదో దుర్గమమైన అడవి కాదు, ఓ పరిశోధనా సంస్థ కాంపౌండు పరిసరాల్లో. 1840ల్లో నెల్లూరులో డాక్టరుగా చేసిన జెర్డాన్ దొర ఇక్కడ ఉండంగానే పక్షులూ పాములూ బల్లులూ అన్నీ రాసుకున్నాడు, ఆయన పక్షుల పుస్తకంలో తెలుగు పేర్లు ఉంటాయి, ఆ పేర్లు ఆయనకి కలలో రాలేదు కదా, ఎవరో యానాదులో వేటగాళ్ళో చెప్పుంటారు. ఆయన పేరు మీదే ఉన్న కలివికోడి అనే పక్షి 1900 తర్వాత ఎవరికీ కనపడలా, పోయిందనే అనుకున్నారు, 1986లో కడప జిల్లాలో సిద్దవటం వైపు ఓ స్థానిక వేటగాడి చేతికి చిక్కింది.

మీరు తిరగండి, కానీ పట్టుకోవద్దు, పెంచలకోన వైపైనా ఎటైనా రిజర్వు ఫారెస్టులోకి పోవాలంటే అటవీశాఖ పర్మిషన్ తీసుకోండి. ఫోన్‌తో ఫొటోలు తియ్యండి, ఒకటి పక్క నుంచి, ఒకటి తల పై నుంచి దగ్గరగా పొలుసులు లెక్కపెట్టేటట్టు, పక్కన రూపాయి బిళ్ళ పెడితే సైజు తెలుస్తది. తేదీ, చోటు రాసుకోండి. రాయి తిప్పితే మళ్ళీ ఉన్నది ఉన్నట్టు పెట్టండి, కర్రతో తిప్పండి, వేళ్ళతో కాదు, కింద తేళ్ళు ఉంటాయి.

ప్రశ్న: దీన్ని ఇంట్లో పెంచుకోవచ్చా? (పేరు, ఊరు రాయలా)

ఒద్దు. మీ దొడ్లో కట్టెలమోపు తియ్యకుండా ఉంచండి, అదే వచ్చి ఉంటది.

ప్రశ్న: సార్, మా కోళ్ళగూటి దగ్గర ఇది కనిపించింది, ఫొటో పంపిస్తున్నా. తోక ఎర్రగా నిప్పు మాదిరి ఉంది. కొత్త రకమా? (కొండాపురం నుంచి ఓ ఎనిమిదో తరగతి పిల్లాడు)

ఫొటో బాగా తీశావురా అబ్బయ్యా, చెయ్యి కదలకుండా. కొత్త రకం కాదు, వొంటి మీద చుక్కల వరసలుండే చిన్న నలికిరి పిల్ల ఇది, పిల్లప్పుడు తోక ఎర్రగా ఉంటది, శత్రువు తలని వదిలేసి తోక మీద పడాలని. పెద్దయ్యే కొద్దీ ఎరుపు పోయి వొంటి రంగులో కలిసిపోతది. ఆ గూటి దగ్గరే ఉంటే రెండు మూడు నెలలకి ఇంకో ఫొటో తీసి పంపు, పక్కన రూపాయి బిళ్ళ మర్చిపోవద్దు, తోక ఎంతవరకు మారిందో రెండూ పక్కపక్కన వేద్దాం. కోళ్ళు దాన్ని పొడవకుండా చూసుకో.